ఆరో స్థానంలో ఒక అక్షరం

మా బీజెడ్‌సీ రోజుల్లో జన్యువుల్లో వచ్చే మార్పులైన ఉత్పరివర్తనాలంటే నిర్వచనాలు బట్టీపట్టి పరీక్షలో రాసేసి మరిచిపోయే పాఠం. జంతుశాస్త్రం మేడం గారు మమ్మల్ని అంతటితో వదిలిపెట్టలేదు. జన్యువులో మార్పు వల్ల ప్రోటీన్‌కు ఏమైందో, ఆ ప్రోటీన్ వల్ల మనిషికి ఏమైందో చెప్పగలిగినప్పుడే జవాబు పూర్తయినట్టని ఆవిడ పట్టు.

ముందుగా నల్లబల్ల మీద ‘పలకవరదపడవనడక’ అని కలిపి రాసి, మూడేసి అక్షరాలుగా చదవమన్నారు. ‘వరద’లో ‘ద’ చెరిపి ‘స’ పెడితే ‘వరస’ అయింది. మిగతా మాటలు చెక్కుచెదరలేదు. ‘పలక’లో ‘ల’ను పూర్తిగా తీసేసి మళ్లీ చదవమనేసరికి ‘పకవ, రదప, డవన’ అంటూ తరగతంతా ఒకటే నవ్వు. కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్ కూడా జన్యు సందేశాన్ని మూడేసి అక్షరాల చొప్పునే చదువుతుందని, ఆ మూడక్షరాల జట్టునే కోడాన్ అంటారని, హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసుకు మూలమైన బీటా గ్లోబిన్ జన్యువులో 8, 9 కోడాన్ల దగ్గర ఒక్క ‘జీ’ (డీఎన్‌ఏ రాతలోని ఏ, టీ, జీ, సీ అనే నాలుగక్షరాల్లో ఒకటి) అదనంగా చేరితే అక్కడి నుంచి చదువంతా తప్పిపోయి, బీటా గొలుసు తయారు కాక తలసేమియా అనే రక్తహీనత వ్యాధికి దారితీస్తుందని అప్పుడు చెప్పారు.

ఆవిడ తీరిగ్గా నిలిచింది మాత్రం ఎర్రకణాలు వంకర తిరిగే సికిల్ సెల్ వ్యాధి దగ్గర. సిలబస్ వెనకబడుతోందని మాలో కొందరు గొణిగారు కూడా. రోగుల హీమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో వేరుగా కదులుతుందని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపింది. ఆ హీమోగ్లోబిన్‌ను ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు చేసి, కాగితం మీద పరిచి, ఒకే ఒక్క మచ్చ చోటు మారిందని 1956లో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్నారు. బీటా గొలుసులోని 146 అమైనో ఆమ్లాలలో ఆరోదానికి సంకేతమైన జీఏజీ జీటీజీగా మారి, గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట నీటికి ఎడంగా ఉండే వాలీన్ వచ్చి కూర్చుంటుంది. ఆక్సిజన్‌ను విడిచిన హీమోగ్లోబిన్‌లో ఆ వాలీన్ పక్క అణువులోని గుంటలో ఇరుక్కోవడంతో, అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులై, ఎర్రకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. మన్యం నుంచి వచ్చిన మిత్రులు తమ ఊళ్లలో ఒళ్లునొప్పులతో మంచం పట్టే పిల్లల గురించి చెబితే, తల్లిదండ్రులిద్దరూ వాహకులైనప్పుడు (అంటే జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలోనే ఈ మార్పు ఉన్నప్పుడు) ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతని గళ్లు గీసి చూపించారు.

తర్వాతి స్లిప్ టెస్టులో ప్రశ్న ఒక్కటే: అదే జీఏజీ ఏఏజీ అయితే? లైసీన్ అనే అమైనో ఆమ్లం వస్తుందని కోడాన్ పట్టిక చూసి అందరం రాశాం. ధనావేశమున్న లైసీన్ ఆ గుంటలో ఇమడదని, అందువల్ల అలాంటి పోగులు ఏర్పడవని రాసినవారికే పూర్తి మార్కులు వేశారు.