తాత సమాధితో సహా పొలం అమ్మేశారు, మళ్లీ దారి ఎలా తెచ్చుకున్నామంటే

మా ఊళ్లో శ్మశానం ఉన్నా పొలం ఉన్నోళ్లు చాలామంది పెద్దోళ్లని సొంత చేలోనే పెట్టుకుంటారు, మా తాత, నాయనమ్మ సమాధులు కూడా చేలో వేపచెట్టు కిందే. 1994లో పంపకాలప్పుడు ఆ ముక్క బాబాయి వాటాకి పోయింది, ఇంట్లో మనిషే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. పోయినేడు బాబాయి ఆ ఎకరం అమ్మేశాడు. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెడదామని వెళ్తే చుట్టూ ముళ్లకంచె, నాయనమ్మ సమాధికి ట్రాక్టర్ తగిలి ఓ మూల సిమెంటు ఊడి ఇటుకలు బయటపడ్డాయి. కొన్నాయనేం గొడవపడలేదు, "నా దస్తావేజులో సమాధుల మాటే లేదండీ, ఎకరానికి డబ్బులు కట్టా" అన్నాడు. నిజమే మరి.

స్టేషన్‌కి పోతే సివిల్ మ్యాటర్ అన్నారు. సమాధుల్ని పాడుచేస్తే కేసుంది, పాత శిక్షాస్మృతి ఐపీసీలో సెక్షన్ 297, ఇప్పుడు దాని బదులొచ్చిన బీఎన్ఎస్‌లో 301, కానీ మనసు నొప్పించాలనో, నొచ్చుకుంటారని తెలిసో చేశాడని చూపించాలి, దున్నుతుంటే తగిలిందంటే ఇంకేం చూపిస్తాం. వీఆర్వో దగ్గర అడంగల్‌లోనూ, అంటే ఊరి భూముల రికార్డులోనూ, మెట్ట అనే ఉంది. ఊరి శ్మశానమైతే పోరంబోకు అని రికార్డులో ఉంటుంది గానీ సొంత చేలో సమాధి సంగతి ఎవరు రాస్తారు.

లాయర్ గారు ముందు పంపకాల దస్తావేజు నకలు తీయించమన్నారు. నంబరు తెలీక ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీసి, దాంట్లో నంబరు పట్టుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలుకి పెట్టా. పాత చేతిరాత, సగం మసక. మూడో పేజీ అడుగున "సమాధులు ఉన్న రెండు సెంట్లు ఉభయులకు ఉమ్మడిగా ఉంచుకొని, వచ్చిపోవుటకు తూర్పు గట్టు వెంబడి దారి విడువవలయును" అని ఉంది. ఆఫీసు మెట్ల మీదే కూర్చుని నాలుగుసార్లు చదివా. అంటే బాబాయి తనొక్కడిది కానిది కూడా అమ్మేశాడు.

కంచె అడ్డు పెట్టకుండా కోర్టు ఉత్తర్వు కోసం ఇంజంక్షన్ సూట్ వేద్దామంటే లాయర్ గారే వద్దన్నారు, ఏళ్లు పడుతుంది, ముందు మండల న్యాయసేవా కమిటీలో ప్రీలిటిగేషన్ కింద, అంటే కేసు వేయకముందే రాజీకి, అర్జీ పెట్టమన్నారు, ఫీజేం లేదు. నోటీసులు పోయాయి. మొదటి వాయిదాకి బాబాయి రాలేదు, రెండోదానికి వచ్చి "మర్చిపోయాన్రా అబ్బాయ్" అన్నాడు, నమ్మానో లేదో నాకే తెలీదు. కొన్నాయన రెండు సెంట్లు వదలనన్నాడు, చివరికి ఒక సెంటు, అంటే 48 గజాల చిల్లర, నాలుగడుగుల బాట, ఆ సెంటు ఖరీదు బాబాయి ఆయనకి తిరిగివ్వాలి, కంచె ఖర్చు మాది. లోక్ అదాలత్‌లో అవార్డు రాసిచ్చారు, అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు.

మొన్న సర్వేయర్ రాళ్లు పాతితే వేపచెట్టు మొదలు మా సెంటులోకొచ్చింది, కొమ్మలు మాత్రం ఆయన మిరప మీద. నీడ పడుతోంది, కొట్టేద్దాం అంటాడాయన. మాకైతే అభ్యంతరం లేదు, "మా నాన్న నాటిన చెట్టు, ముట్టుకోనివ్వను" అని అడ్డం పడుతున్నది బాబాయే.