చైనా కషాయం, కొర్ర జావ: సింగపూర్‌లో నా అనుభవం

మందులో ఏముందో రాసివ్వండి అని అడిగినందుకు చైనా వైద్యం క్లినిక్ కౌంటర్ దగ్గర పదిమంది ముందు మాట పడ్డాను. ఆ మంట చల్లారకముందే రాస్తున్నా కాబట్టి కొంచెం ఘాటుగా ఉంటుంది, సర్దుకోండి.

నా బాధ చాలామందికి ఉండేదే. తిన్న గంటకల్లా పొట్ట ఉబ్బరం, పొద్దున్నే పల్చటి విరేచనం, మధ్యాహ్నానికి ఒళ్ళు బరువు. ఎండోస్కోపీ, థైరాయిడ్, రక్తపరీక్షలు అన్నీ మామూలుగానే ఉన్నాయని తేలాకే చైనా వైద్యం వైపు వెళ్ళాను. ఈ వరుస తిరగేయొద్దు. బరువు తగ్గిపోతున్నా, మలంలో రక్తం కనిపించినా ముందు స్పెషలిస్టు దగ్గరకే పోవాలి.

డాక్టర్ని వెతకడం తేలిక. ఇక్కడ 2000లో వచ్చిన చట్టం ప్రకారం చైనా వైద్యులకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆన్‌లైన్ జాబితాలో పేరు ఉందో లేదో చూసుకుంటే చాలు.

నాడి, నాలుక చూస్తారు. వెళ్ళేముందు కాఫీ, పసుపు వేసిన కూర, వక్కపొడి వద్దు. నాలుక మీది పొరకి రంగు అంటుకుంటే "వేడి చేసింది" అనుకుని చల్లబరిచే మూలికలు రాసే ప్రమాదం ఉంది. అప్పటికే పల్చగా అవుతున్న కడుపు వాటితో ఇంకా పాడవుతుంది. మెట్లెక్కిన ఆయాసంతో చెయ్యి చాపినా నాడి సరిగా అందదు, పది నిమిషాలు కూర్చోండి. నాకు "ప్లీహం బలహీనం, లోపల తేమ" అన్నాడు డాక్టర్. వాళ్ళ లెక్కలో అది అరుగుదల సంగతి. మీ స్కాన్ రిపోర్టు చూపించి వాదించడం దండగ.

అసలు కథ కౌంటర్ దగ్గర. పొడి ప్యాకెట్లు చేతిలో పెట్టారు. వాటి మీద నా పేరు, రోజుకి రెండుసార్లు అన్న ముక్క తప్ప ఏమీ లేదు. నేను బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటా. చైనా మందుల్లో చాలావాటిలో గాన్ త్సావ్ పడుతుంది, అంటే మన అతిమధురం. అది ఒంట్లో ఉప్పూ నీరూ పట్టి ఉంచుతుంది, పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. బీపీ పెరుగుతుంది. నా మాత్ర కూడా పొటాషియాన్ని తగ్గించేదే. రెండూ కలిస్తే కాళ్ళ పిక్కలు పట్టేయడంతో మొదలై గుండె లయ తప్పేదాకా పోవచ్చు. అందుకే మూలికల పేర్లు అడిగా.

"అన్నీ మూలికలేనమ్మా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అంది కౌంటర్ ఆవిడ. మళ్ళీ అడిగితే, "చెప్పినా మీకర్థం కాదు. నమ్మకం లేనివాళ్ళు రావడం దేనికి?" అని వెనకున్నవాళ్ళకి వినపడేలా అంది. వరుసలో ఎవరో నవ్వారు కూడా.

నమ్మకం సంగతా? 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒళ్ళు తగ్గించే క్లినిక్‌లో స్టెఫానియా అనే మూలిక వేయాల్సిన చోట అరిస్టోలోకియా పడింది. మన ఈశ్వరి తీగ కుటుంబమే అది. రెండిటి చైనా పేర్లలోనూ ఫాంగ్ జీ అన్న మాట ఉంది. వందమందికి పైగా ఆడవాళ్ళ కిడ్నీలు పాడయ్యాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. వాళ్ళు కూడా నమ్మే మింగారు. నోరు మూసుకుని ప్యాకెట్లు పుచ్చుకోవడమే మర్యాద అనుకునే మనవాళ్ళకి ఇది గట్టిగా చెప్పాలి: మూలిక పేరు చైనా లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ కావాలి. ఒక్కోటి ఎన్ని గ్రాములో ఉండాలి. పొడి మందైతే ఒక గ్రాము ఎన్ని గ్రాముల పచ్చిమూలికకి సమానమో కూడా ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళకి డాన్ షెన్, డాంగ్ గ్వీ అనే వేళ్ళు, చివరికి గోజీ పళ్ళు కూడా రక్తాన్ని మరీ పల్చబరచొచ్చు. చీటీ లేకపోతే మీ డాక్టర్ ఏం చూసి చెబుతాడు?

ప్యాకెట్లు అక్కడే వదిలి మళ్ళీ డాక్టర్ గదిలోకే వెళ్ళాను. ఆయన మారు మాట లేకుండా రాసిచ్చాడు! చైనాని ఏలిన సాంగ్ రాజుల కాలం నాటి షెన్ లింగ్ బై జూ సాన్ అనే మందు అది. చదివితే సగం మన వంటిల్లే. తామర గింజలు, వేయించిన తెల్ల చిక్కుడు గింజలు, పెండలం జాతి షాన్ యావ్, యాలకుల చుట్టం షా రెన్. వీటితో డాంగ్ షెన్, బై జూ, జియె గెంగ్ అనే దుంపలూ వేళ్ళూ, ఫు లింగ్ అనే పుట్టగొడుగు జాతిది, బార్లీలా ఉండే యి యి రెన్ గింజలు. పదోది, అనుకున్నట్టే, గాన్ త్సావ్. నా బీపీ మాత్ర చూపిస్తే గాన్ త్సావ్‌ని చీటీలోంచి కొట్టేశాడు. పొడి వద్దని, ఇంట్లో కాచుకునే మూలికలే తీసుకున్నా. కళ్ళతో చూడొచ్చు కదా.

కాచడానికి మట్టి పాత్రో స్టీలో వాడండి. ఇనుము, అల్యూమినియం, రాగి పనికిరావు. మూలికలు రుద్ది కడగొద్దు. చల్లటి నీళ్ళలో, మూలికల పైన రెండు వేళ్ళ మందం నీళ్ళు నిలిచేలా అరగంట నానబెట్టాలి. పొంగు వచ్చేదాకా పెద్ద మంట, తర్వాత సన్న సెగ మీద 40 నిమిషాలు. షా రెన్ విడి పొట్లంలో ఇస్తారు. దాన్ని దంచి చివరి అయిదు నిమిషాల్లోనే వేయాలి, ముందే వేస్తే దాని వాసన నూనె ఆవిరైపోతుంది. వడకట్టి, అదే పిప్పిలో మళ్ళీ నీళ్ళు పోసి పాతిక నిమిషాలు కాచి, రెండూ కలిపి రెండు పూటలకి పంచుకోండి. పూటకి 150 నుంచి 200 మిల్లీలీటర్లు, గోరువెచ్చగా. ఇంగ్లీషు మాత్రలకీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. అడుగంటితే పారబోయండి, నీళ్ళు కలిపి సరిపెట్టొద్దు.

ఇక తిండి. చైనా వైద్యుడు వేడివేడిగా ఉడికినది తినమంటాడు, ఆరోగ్యం పిచ్చివాళ్ళు పచ్చి సలాడ్లు, ముడిబియ్యం అంటారు. ఉబ్బరం ఉన్నవాళ్ళకి ఈ విషయంలో వైద్యుడి మాటే నయం. అవే ఆకుకూరలు ఉడికించి తినండి, పీచు కొద్దికొద్దిగా పెంచండి. కానీ వాళ్ళు మెచ్చుకునే తెల్లబియ్యం గంజి గంటలకొద్దీ ఉడికి మెత్తబడ్డాక రక్తంలో చక్కెరని చప్పున పెంచుతుంది. షుగర్ ఉంటే అది వద్దు. చైనా దుకాణాల్లో షియావ్ మీ అని అమ్మేది అచ్చంగా మన కొర్రలే. నేను కాచే జావకి కొర్రలు 50 గ్రాములు, యి యి రెన్ 20, తామర గింజలు 15. యి యి రెన్ రాత్రంతా నానకపోతే ఎంత ఉడికినా గట్టిగానే ఉంటుంది. తామర గింజల మధ్య ఆకుపచ్చ మొలక తీసేయకపోతే జావంతా చేదు. ఈ రెండిటినీ కుక్కర్లో అయిదారు విజిల్స్ రానిచ్చి, తర్వాత కొర్రలు, పచ్చి షాన్ యావ్ ముక్కలు వేసి పావుగంట ఉడికించాలి. మొత్తం నీళ్ళు 800 మిల్లీలీటర్లు. అల్లం, జీలకర్ర, మిరియాలు, ఉప్పు. షాన్ యావ్ చెక్కు తీసేటప్పుడు చేతులు దురద పెడతాయి, గ్లవ్స్ వేసుకోండి. ఎండు ముక్కలు కొంటే మరీ తెల్లగా మెరిసేవి వద్దు, గంధకం పొగ పెట్టి ఉండొచ్చు. పుల్లటి ఘాటు వాసన వస్తే తిరిగిచ్చేయండి. గర్భిణులు యి యి రెన్ మానాలని వాళ్ళ సంప్రదాయమే చెబుతోంది.

డాక్టర్ నన్ను పెరుగు పూర్తిగా మానేసి కోడి ఎముకల సూప్ తాగమన్నాడు. శాకాహారికి పెరుగు తీసేస్తే బి12 ఎక్కడినుంచి వస్తుందో ఆయన ఆలోచించలేదు. ఫ్రిజ్ లోంచి తీసిన పెరుగు మానేశాను. మధ్యాహ్నం పల్చటి మజ్జిగలో శొంఠి, వాము వేసుకుని తాగుతున్నా, ఉబ్బరం రావడం లేదు.

జలుబు, జ్వరం తగిలిన రోజుల్లో బలానికిచ్చే ఈ కషాయం ఆపాలి, తగ్గాక మొదలుపెట్టాలి. కాచిన కషాయం ఫ్రిజ్‌లో ఒక్క రోజే. మూడు వారాలైనా మార్పు లేకపోతే అదే మందు మళ్ళీ కొనకుండా చీటీ మార్పించుకోండి. నాలాంటి బీపీ మాత్రలు వాడేవాళ్ళయితే మధ్యలో ఓసారి పొటాషియం, క్రియాటినిన్ చూపించుకోండి.