హాస్టల్లో జరిగినదాని మీద ఫిర్యాదు చేసినప్పుడు: నా అనుభవం

శ్రీకాకుళం జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఆడపిల్లల హాస్టల్లో ఆదివారాలు లెక్కలు చెప్పేదాన్ని. అక్కడి కోఆర్డినేటర్ మీద ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. సంస్థ పేరు, ఊరి పేరు, పాప వివరాలు రాయను. పాప ఎవరో తెలిసేలా రాయడానికి పోక్సో చట్టం (పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన చట్టం) కూడా ఒప్పుకోదు. ఎక్కడికి వెళ్లాలో, ఏం అడగాలో మాత్రం రాస్తాను. నాకు అప్పుడు అది చెప్పేవాళ్లు దొరకలేదు.

ఆ హాస్టల్లో ఎక్కువమంది వలస వెళ్లినవాళ్ల పిల్లలు. మా తీరం నుంచి చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ దాకా పోతారు. చెన్నై, హైదరాబాద్‌లలో కూలిపనులకి పోతారు. నెలల తరబడి రారు. పిల్లకి అన్నం పెట్టేదీ, అమ్మతో ఫోన్లో మాట్లాడించేదీ, సెలవులకి ఊరు పంపేదీ హాస్టల్ వాళ్లే. ఆ బాధ్యతలో ఉన్నవాడే తప్పు చేస్తే ఆ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది?

తొమ్మిదో తరగతి పాప ఒకతె ఎప్పుడూ ముందు వరసలో కూర్చుని, నేను బోర్డు మీద లెక్క సగం రాసేసరికే జవాబు చెప్పేసేది. అలాంటిది వెనక గోడ దగ్గరికి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరోజు లెక్కల పుస్తకం కింద ఫోన్ వెలిగింది. హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. నేను చూశానని తెలియగానే చున్నీ కిందకి లాక్కుంది.

ఆ సాయంత్రం వంటామె నన్ను పక్కకి పిలిచింది. "టీచరమ్మా, రేత్రేళ ఆ సారు ఈ పిల్లని ఆఫీసు గదికి పిలిసి తలుపేసేస్తన్నాడు. నాను సూసినాను. నాను సెప్పినట్టు తెలిస్తే నా పని పోద్ది" అంది.

పాపని గుచ్చి గుచ్చి అడగలేదు. "చెప్పాలనిపిస్తే చెప్పు, వింటాను" అన్నాను. కాసేపటికి కొంత చెప్పింది. ఫోన్ ఇచ్చింది ఆ కోఆర్డినేటరే. రాత్రిళ్లు మెసేజులు పెట్టేదీ ఆయనే. ఆ తర్వాత సంగతి ఇక్కడ రాయను. "ఎవరికీ చెప్పొద్దు మేడమ్" అని బతిమాలింది. ఆ మాట ఇవ్వలేకపోయాను. "నిన్ను కాపాడగలిగినవాళ్లకి చెప్తాను, ఇంకెవ్వరికీ చెప్పను" అన్నాను. ఏడ్చింది, తర్వాత సరేనని తలూపింది. పాప ఆ రాత్రి ఆడ వార్డెన్ గదిలోనే పడుకునేలా చూసి బయల్దేరాను.

ఇంటికి రాగానే నోట్‌బుక్ తీశాను. తారీఖు, టైము, ఎవరు ఏమన్నారు, అన్నీ రాశాను. పాప మాటలు పాప అన్నట్టే రాశాను, ఒక్క ముక్క కూడా మెరుగులు దిద్దలేదు. నేను కళ్లారా చూసింది ఒక పేజీలో, ఇతరులు చెప్పగా విన్నది ఇంకో పేజీలో పెట్టాను. నాకు అనిపించినవి ఆ రెంటిలోనూ కలపలేదు. తర్వాత పోలీసులు ప్రతి మాటకీ "ఇది మీరు చూశారా, విన్నారా?" అని అడిగినప్పుడు తడుముకోవాల్సిన పని లేకపోయింది.

ఆఫీసు గది తలుపు వెనక పిల్లల రక్షణ గురించి సంస్థ నియమాలు అంటించి ఉండేవి. అంతా ఇంగ్లిష్. పిల్లలకీ, వంటామెకీ ఒక్క ముక్క అర్థం కాదు. పైగా ఫిర్యాదు ముందుగా కోఆర్డినేటర్‌కే ఇవ్వాలని ఉంది. ఎవరి మీద ఫిర్యాదో ఆయన చేతికే కాగితం ఎలా ఇస్తాం? చివర్లో హెడ్డాఫీసు మెయిల్ అడ్రస్ కనిపిస్తే ఫొటో తీసుకుని ఉంచుకున్నాను. ఆ రాత్రే దానికి తెలుగులో రాశాను, ట్రస్టీలకి కూడా కాపీ పెట్టాను. ఆయన్ని వెంటనే హాస్టల్ నుంచి దూరంగా ఉంచమన్నాను. పాపని తలా ఒకరు పిలిచి ప్రశ్నలు వేయొద్దన్నాను. నాకు విషయం చెప్పిన సిబ్బందిని ఇబ్బంది పెట్టొద్దనీ, ఈ ఫిర్యాదు అందినట్టు రాతపూర్వకంగా తెలపమనీ అడిగాను.

మెయిల్ పంపి ఊరుకోలేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. పాప ఇప్పుడు ఎక్కడుంది, ఎవరి దగ్గరుంది, ఈ రాత్రికి ప్రమాదం ఉందా అన్నదే ముందు అడిగారు. నా పేరు బయటికి రానివ్వొద్దంటే సరేనన్నారు.

పొద్దున్నే హెడ్డాఫీసు నుంచి ఫోన్. "మేడమ్, మేం లోపల విచారించుకుంటాం. ఇది బయటికి పొక్కితే దాతలు వెనక్కి తగ్గుతారు. హాస్టల్ మూతపడితే మిగతా పిల్లల గతేంటి?" ఆ మాటకి చాలాసేపు కుదురుగా ఉండలేకపోయాను. ఆ పిల్లలందరూ నా కళ్ల ముందు తిరిగేవాళ్లే. కానీ హాస్టల్ నడవడానికి ఒక పిల్ల నోరు మూయించాలంటే ఎలా ఒప్పుకుంటాం? సంస్థ విచారణ ఆ మనిషి ఉద్యోగంలో ఉండాలా వద్దా అన్నంత వరకే. నేరం సంగతి తేల్చాల్సింది పోలీసులు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న అనుమానం ఉన్నా పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, సంస్థ బాధ్యులైతే ఏడాది వరకు. రుజువులు మనం తేనక్కర్లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదని అదే సెక్షన్‌లో ఉంది. ఇదంతా చెప్పి, "మీరన్నది మెయిల్లో రాసి పంపండి" అన్నాను. ఆ మాటలు రాసి పంపలేదు. ఆయన్ని విధుల నుంచి తప్పించినట్టు మాత్రం సాయంత్రానికి మెయిల్ వచ్చింది.

జిల్లా బాలల రక్షణ విభాగం వాళ్లు వచ్చారు, పోలీసులు కేసు కట్టారు. పాపతో మాట్లాడింది ఒక మహిళా ఎస్సై. యూనిఫాంలో కాదు, మామూలు చుడీదార్‌లో వచ్చి, పాప వాళ్లమ్మని పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. చట్టంలో ఉన్నదే అది, అయినా ఆమె తొందరపెట్టకుండా పాప చెప్పేదాకా ఆగిన తీరు నేను మర్చిపోను. ఇలాంటి కేసు వస్తే పోలీసులు 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. పాప ఎక్కడ ఉండాలన్నది ఆ కమిటీయే నిర్ణయించింది.

హాస్టల్‌కి దాతలిచ్చిన బియ్యం, దుప్పట్లు లెక్కకి రావడం లేదన్న గొడవ కూడా ఉంది. దాన్ని ఈ ఫిర్యాదులో కలపలేదు, ట్రస్టీలకి వేరే ఉత్తరం రాశాను. రెండూ ఒకే కాగితంలో ఉంటే అందరూ బియ్యం లెక్కల్లో పడి పాప సంగతి పక్కన పెడతారని నా భయం.

తర్వాత టెన్షన్ తక్కువేం లేదు. "కోర్టుల చుట్టూ తిప్పుతారు" అని మా ఆయన భయపడ్డాడు. సంస్థ విచారణలో ఏం తేలిందో నాకు చెప్పలేదు. అడిగితే గోప్యత అన్నారు. మనసు చివుక్కుమంది గానీ, పాప వివరాలు నాతో సహా ఎవరికీ అనవసరంగా చెప్పకపోవడమే న్యాయం.

నియమాల కాగితం ఇప్పుడు తెలుగులో, భోజనాల గదిలో, పిల్లల కంటికి అందే ఎత్తులో ఉంది. హాస్టల్‌తో సంబంధం లేని ఒకామెని ఫిర్యాదులు తీసుకోవడానికి పెట్టారు. వంటామె పని పోలేదు. కేసు పోక్సో కేసులు చూసే ప్రత్యేక కోర్టులో నడుస్తోంది. సమన్లు వంటామెకీ నాకూ వచ్చాయి, వాయిదాకి ఇద్దరం కలిసే వెళ్తున్నాం.