లోపలికి రండి: ఆరు కాగితాలు

"స్వాగతంకి తొమ్మిది కట్ చేశానమ్మా" అంది మా పెద్దమ్మాయి. బల్ల మీద మా గృహప్రవేశం తోరణానికని రంగు అట్టతో కత్తిరించిన తొమ్మిది త్రికోణాలు వరసగా పేర్చి ఉన్నాయి. తొమ్మిది ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. అడిగితే వేళ్ళు మడుస్తూ చెప్పింది: ఎస్, డబ్ల్యూ, ఏ, జీ, ఏ, టీ, హెచ్, ఏ, ఎమ్.

దానికి పదకొండేళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. వారాంతపు క్లాసుకు వెళ్ళి గుణింతాలు నేర్చుకుంది. వత్తులు గుర్తుపడుతుంది. అయినా ఒక తెలుగు మాట అనగానే దాని మనసులో కనిపించేది ఇంగ్లిష్ అక్షరాల వరసే అని నాకు ఆ సాయంత్రం తెలిసింది. చదవడం నేర్పాం, రాయడం నేర్పాం, కానీ తెలుగు మాటని ఏ ముక్కలుగా విడదీసి చూడాలో మేము ఎప్పుడూ చెప్పలేదు. మాకు అది చెప్పాల్సిన విషయంగానే అనిపించలేదు.

ఆ తొమ్మిదిలోంచి మూడు తీసి ముందు పెట్టాను. స్వా. గ. తం.

"మూడేనా? ఎస్, డబ్ల్యూ, ఏ అన్నీ ఒక్క దాంట్లోనే పడతాయా?"

పడతాయి. సకారం కింద వకారం వత్తుగా వెళ్తుంది, దీర్ఘం పైన చేరుతుంది, అంతా కలిసి ఒక్క అక్షరం, నోటితో పలికేది ఒక్కసారి. చప్పట్లు కొడుతూ పలకమన్నాను. మూడు చప్పట్లు పడ్డాయి. దాని ఏడేళ్ళ తమ్ముడు అప్పటినుంచి నిద్రపోయేదాకా ఇంట్లో ప్రతి మాటకీ చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

అసలు ఈ తోరణం పని మా చేతిలో పడడానికి కారణం వేరే. గృహప్రవేశానికి మంచి బ్యానర్ ఉండాలని ముందే ప్రింటింగ్‌కి ఇచ్చాం. ఆరడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు. "మా నూతన గృహానికి సుస్వాగతం" అని ఈమెయిల్‌లో టైప్ చేసి పంపాను. వచ్చిన బ్యానర్ విప్పి చూస్తే స్వా విడిపోయింది. సకారానికి పొల్లు పెట్టి, పక్కన వా విడిగా నిలబెట్టారు. అచ్చు వేసినవాళ్ళకి తెలుగు రాదు, వాళ్ళ సాఫ్ట్‌వేర్‌కి కలపడం రాదు. కంప్యూటర్ లోపల స్వా అనే అక్షరం ఒక్కటిగా ఉండదు. అన్ని భాషల అక్షరాలనీ కంప్యూటర్లు దాచుకునే ఉమ్మడి పద్ధతి పేరు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ తెలుగు అందులో ఉంది, కానీ అది దాచుకునేది విడి విడి ముక్కలనే: స, పొల్లు, వ, దీర్ఘం. ఆ నాలుగింటినీ కలిపి ఒక రూపంగా చూపించే పని ఫాంటుదీ సాఫ్ట్‌వేర్‌దీ. అది చేతకాని ప్రోగ్రామ్‌లో అతికిస్తే ఇలాగే విడిపోతాయి.

ఇలా బ్యానర్ వేయించబోయేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోండి. తెలుగుని టెక్స్ట్‌గా ఎప్పుడూ పంపకండి. మీ కంప్యూటర్‌లో సరిగ్గా కనిపిస్తున్నప్పుడే దాన్ని బొమ్మగానో, అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్‌గానో సేవ్ చేసి ఇవ్వండి. ఆరడుగులకి రెండడుగుల బ్యానర్ అంగుళానికి 150 చుక్కల చొప్పున స్పష్టంగా రావాలంటే బొమ్మ 10,800కి 3,600 పిక్సెళ్ళు ఉండాలి. ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్ దగ్గర నుంచి చూస్తే మసకబారుతుంది. అచ్చుకి ముందు ప్రూఫ్ అడిగి, తెలుగు వచ్చినవాళ్ళే చూడాలి.

మళ్ళీ వేయించడానికి టైమ్ లేదు. మనమే చేసుకుందాం అని పిల్లలని కూర్చోబెట్టాను. నాకు టెన్షన్‌గా ఉంది, వాళ్ళకి పండగలా ఉంది.

త్రికోణాల మీద రాయడం మొదలుపెట్టగానే ఇంకో సంగతి బయటపడింది. స్టోర్‌లో దొరికే జెండాల దండలన్నీ కిందికి మొన తేలి ఉంటాయి. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకు అది సరిపోతుంది, వాటికి కిందికి దిగే భాగం దాదాపు ఉండదు. మన వత్తులు దిగేదేమో సరిగ్గా అక్కడికే. స్వాలో వత్తు త్రికోణం బయటికి వెళ్ళిపోయింది. ప్ర రాసి చూస్తే కింద నుంచి చుట్టుకొచ్చే రకార వత్తుకి చోటే లేదు. మా అమ్మాయి మూడు సార్లు చిన్నగా రాసి చూసి, కత్తెర పక్కన పడేసి, "దీర్ఘచతురస్రాలు చేద్దాం" అంది. రెక్టాంగిల్స్ అనకుండా ఆ మాట ఎక్కడ నేర్చిందో నాకు తెలియదు. ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల ఎత్తు పెట్టాం. అక్షరం ఒళ్ళు నాలుగు అంగుళాలు, కింద మూడంగుళాలు వత్తుకి వదిలేయాలి. అంగుళం ఎత్తున్న అక్షరం పదడుగుల దూరం నుంచి సుఖంగా చదవగలం అని సైన్ బోర్డులు రాసేవాళ్ళకి ఒక లెక్క ఉంది. ఆ ప్రకారం మా అక్షరాలు నలభై అడుగులకి కూడా సరిపోతాయి. మా హాలు అందులో సగం కూడా లేదు.

తర్వాత అమ్మాయి నన్ను ఒక ప్రశ్న అడిగింది. "అమ్మా, మీరెప్పుడైనా ఎవరితోనైనా స్వాగతం అన్నారా?"

ఆలోచించాను. లేదు. తలుపు తీసి ఎవరితోనూ ఆ మాట అనలేదు. మా ఆయనా అనలేదు.

"నాన్న తలుపు తీసి 'రండి రండి, లోపలికి రండి' అంటారు. అదే రాద్దాం."

నాకు మొదట ఒప్పుకోబుద్ధి కాలేదు. బ్యానర్ అంటే సుస్వాగతం అని ఉండాలి, నేను చూసినవన్నీ అలాగే ఉన్నాయి. కానీ దాని మాటే సరైనదని ఒప్పుకున్నాను. పుస్తకాల తెలుగు కాకుండా మనుషులు మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి అప్పుడే చెప్పాను. ఆయన 1863లో పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం అన్నాను. ఆయన పేరుతో ఒక ఫాంటు కూడా ఉచితంగా దొరుకుతుంది. పోస్టర్లకు పనికొచ్చే రామభద్ర అనే లావు అక్షరాల ఫాంటూ అలాగే ఉచితంగా దొరుకుతుంది. అచ్చు తీసి, దాని కింద కార్బన్ కాగితం పెట్టి గీయాలని మా అమ్మాయి ప్లాన్.

చిన్నవాడికి మాత్రం రండి నచ్చలేదు. వాడి ఫ్రెండ్స్ వస్తున్నారు, వాళ్ళతో వాడు రా అంటాడు. వాడి అక్క ఓపికగా చెప్పింది: ఒక్కళ్ళయితే రా, ఇద్దరు వస్తే రండి, అమ్మమ్మ ఒక్కతే వచ్చినా రండి. "అమ్మమ్మ ఇద్దరితో ఈక్వలా?" అన్నాడు. గౌరవం గురించి నేను ఇన్నేళ్ళు చెప్పినదానికంటే ఆ లెక్క వాడికి బాగా ఎక్కింది. వాడి కోసం రెండో వరస పెట్టాం, "మన ఇల్లు" అని. లో, ప, లి, కి, రం, డి ఆరు. మ, న, ఇ, ల్లు నాలుగు. మొత్తం పది కాగితాలు. పై వరస అమ్మాయిది, కింది వరస వాడిది.

ఇంగ్లిష్ ఎక్కడ రాయాలన్న చర్చ ఒక పూట నడిచింది. వచ్చేవాళ్ళలో సగం మందికి తెలుగు రాదు. తెలుగు కింద చిన్నగా అర్థం రాద్దాం అన్నారు మా ఆయన. అమ్మాయి వద్దంది. "కింద రాస్తే అందరూ అదే చదువుకుని వెళ్ళిపోతారు. ఎవరూ నన్ను అడగరు." రెండేళ్ళ క్రితం ఇదే పిల్ల స్కూల్ గేటు దగ్గర నేను తెలుగులో పిలిస్తే చెయ్యి గట్టిగా నొక్కి, మెల్లగా మాట్లాడమనేది. ఇప్పుడు ఎవరైనా అడగాలని కోరుకుంటోంది. నేను ఇంకేమీ మాట్లాడలేదు. ఇంగ్లిష్ బ్యానర్ బయట వరండాలో కట్టాం. రాగానే ఎవరికీ కొత్తగా అనిపించకూడదు కదా. తెలుగు తోరణం లోపల, గుమ్మం దాటగానే ఎదురు గోడకి.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. చిన్నవాడు ఫాంటూ కార్బన్ కాగితం ఏమీ వద్దని చేత్తోనే రాశాడు. ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో అంచు గీసి, లోపల చుక్కలు పెట్టి, చాలా సేపు కూర్చుని రాశాడు. చివరి కాగితంలో వత్తు మర్చిపోయాడు. "మన ఇలు" అయింది. వాడు నిద్రపోయాక చూసుకున్నాను. రేపు పెద్దవాళ్ళందరూ వస్తారు, ఎవరైనా వాడి ముందే నవ్వితే బాధపడతాడు అనుకున్నాను. రాత్రి కూర్చుని అచ్చం వాడి అంచులాగే గీసి ల్లు రాసి, వాడి కాగితం తీసేసి నాది పెట్టాను.

పొద్దున్నే వాడు తోరణం ముందు నిలబడి చాలా సేపు చూశాడు. "ఇది నాది కాదు" అన్నాడు.

వత్తు మర్చిపోయావు నాన్నా, అందుకే, అన్నాను.

"నాకు చెప్పొచ్చు కదా. నేను పెట్టేవాణ్ణి కదా."

వాడు ఏడవలేదు, అరవలేదు. ఏడ్చి ఉంటే ఇంత గుచ్చుకునేది కాదేమో. వాడికి సారీ చెప్పాను, మనస్ఫూర్తిగా. కాగితాల బుట్టలోంచి వాడి కాగితం తీసి మడతలు సాపు చేసి ఇచ్చాను. అంచు దాకా చుక్కలు నింపేసి ఉండటంతో కింద చోటు చాలక వత్తు పక్కకి ఒరిగింది. మళ్ళీ దారానికి వాడే కట్టాడు.

కట్టడం పెద్ద పనేం కాదు. కొత్త పెయింట్ మీద మేకులు కొట్టాలనిపించలేదు, అంటించి తీసేసే హుక్కులు వాడాం. పెయింట్ వేసి కనీసం వారం అయ్యాకే అవి అంటించాలి, లేకపోతే తీసేటప్పుడు పెయింట్ పెచ్చులా వచ్చేస్తుంది. తీసేటప్పుడు ముందుకి లాగకూడదు, గోడని ఆనుకుని కిందికి మెల్లగా లాగాలి. తోరణం విషయంలో నాకు తెలిసింది ఒక్కటే, అది నా చిన్నప్పటి బడిది: కాగితం పై అంచుని దారం మీదికి మడిచి జిగురు రాయాలి. రంధ్రాలు చేసి గుచ్చితే కాగితాలన్నీ మధ్యకి జారిపోతాయి. పిల్లలకి అది చూపించినప్పుడు నా చేతులకి అన్నీ గుర్తున్నాయి. దాన్ని బంటింగ్ అంటారని అమ్మాయి చెప్తే, దారానికి వరసగా కట్టి గుమ్మానికి వేలాడదీసేదేదైనా మనకి తోరణమే అన్నాను.

ఆ రోజు జనంలో నేను ఎక్కువగా చూసింది ఆ గోడ దగ్గర ఏం జరుగుతోందనే. అమ్మాయి ఫ్రెండ్స్ ముగ్గురు నిలబడి అడిగారు, అది ఒక్కొక్క కాగితం చూపించి చదివింది. వాళ్ళలో కొరియన్ అమ్మాయి ఒకతి, వాళ్ళ అక్షరాలు కూడా ఇలాగే అంది. హల్లూ అచ్చూ కలిసి ఒక్క గడిలో సర్దుకుంటాయట, తన పేరు అలా రెండే గడులట. ఇద్దరూ నేల మీద కూర్చుని ఒకరి పేరు ఒకరి లిపిలో రాసుకున్నారు. ఇంగ్లిష్‌లో ఎన్ని అక్షరాలు పడతాయో, తమ లిపిలో ఎన్ని పడతాయో పోల్చుకున్నారు. మా అమ్మాయికి ఈ ప్రపంచంలో తనలాగే ఇంకొకరు రెండు లెక్కలతో పెరుగుతున్నారని తెలిసింది. నేను దానికి ఇవ్వలేనిది ఆ ఫ్రెండ్ ఇచ్చింది.

ఒక పెద్దాయన చిన్నవాణ్ణి పిలిచి, వత్తు పక్కకి పోయిందేం బాబూ అని నవ్వుతూ అడిగారు. నాకు గుండె ఆగినంత పనైంది. వాడు మాత్రం "చోటు లేదు తాతగారూ, కానీ ఉంది" అన్నాడు. ఆయన దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఉంది, ఉంది" అని వాడి తల నిమిరారు.

మా అమ్మ ఫోన్‌లోనే చూసింది. చిన్నవాడు ఫోన్ పట్టుకుని తోరణం పొడుగునా నడుస్తుంటే ఒక్కొక్క అక్షరం బిగ్గరగా చదివింది. డి దాకా వచ్చాక, "వస్తా నాన్నా, తప్పకుండా వస్తా" అంది. రండి అని రాసింది తననే అనుకుని జవాబు చెప్పింది. వాడు చాలా సేపు ఆ మాట తలచుకుని మురిసిపోయాడు.

అందరూ వెళ్ళిపోయాక తోరణం విప్పాం. కాగితాలు పారేయడానికి పిల్లలు ఒప్పుకోలేదు. ఇప్పుడు అవి మెట్ల పక్క గోడ మీద ఉన్నాయి, విడివిడిగా, ఎక్కడివక్కడ మార్చుకునేలా. మొదటి రోజే చిన్నవాడు "కిలో" కనిపెట్టాడు. మర్నాడు వాళ్ళక్క "మనలో" పెట్టింది. ఉన్న అక్షరాలతో ఇంకేమీ రావట్లేదని రెండు రోజులు గొణుక్కున్నారు.

నిన్న రాత్రి వాడు నా దగ్గరికి వచ్చి కాగితాలు కావాలన్నాడు. అమ్మమ్మ అని రాస్తాడట, తను వచ్చేసరికి గోడ మీద ఉండాలట. ఎన్ని కావాలి అని అడగబోయాను. వాడు అప్పటికే చప్పట్లు కొట్టేసుకుని, మూడు కాగితాలు లెక్కపెట్టి తీసుకుని వెళ్ళిపోతున్నాడు.