వీఎంఈ రాక్ కడుతున్నా: పవర్, గాలి, జంపర్ల దాకా వచ్చింది

వీఎంఈ అంటే పారిశ్రామిక కంప్యూటర్లలో కార్డుల్ని ఒకదానితో ఒకటి కలిపే బస్, అంటే ఉమ్మడి వైర్ల దారి. సబ్‌రాక్ (కార్డులు నిలబెట్టే చట్రం) నిలబడింది, బ్యాక్‌ప్లేన్ (వెనక కార్డుల్ని కలిపే బోర్డు) బిగించాను, 5 వోల్టుల లైను సరిగ్గా వస్తోంది. సీపీయూ కార్డు ఇంకా పెట్టలేదు. స్క్రాప్‌లో దొరికిన మోటరోలా ఎంవీఎంఈ147 అది, 68030 ప్రాసెసర్ ఉన్న కార్డు. టేబుల్ మీదే నాలుగు వైర్లు తగిలించి ఆన్ చేసేయొచ్చుగా అన్నవాళ్లున్నారు. నాకు మనసొప్పలేదు. వీఎంఈలో కార్డు ఎంత ముఖ్యమో, దాన్ని పట్టుకునే పెట్టె కూడా అంతే ముఖ్యం.

1981లో ఈ బస్‌ని ప్రకటించినప్పుడు సిగ్నల్స్‌ని మోటరోలా వెర్సాబస్ నుంచి తీసుకున్నారు. కార్డు సైజు, కనెక్టర్ మాత్రం యూరప్‌లో అప్పటికే నడుస్తున్న యూరోకార్డ్‌వి. ఆ కొలతలు చూస్తే ముచ్చటేస్తుంది. రాక్ ఎత్తుని యూల్లో కొలుస్తారు, 1యూ అంటే 44.45 మి.మీ. 3యూ రాక్‌లో పట్టే కార్డు ఎత్తు 100 మి.మీ. అయితే 6యూ కార్డు 200 ఉండాలనిపిస్తుంది, ఉండేది 233.35. వందకి ఇంకో 3యూ, అంటే 133.35 కలిపారన్నమాట. పైనున్న పీ1 కనెక్టర్‌కీ కిందున్న పీ2కీ మధ్య దూరం కూడా సరిగ్గా అంతే. అందుకే చిన్న కార్డు, పెద్ద కార్డు ఒకే రాక్‌లో పక్కపక్కన ఇమిడిపోతాయి.

వెడల్పుని హెచ్‌పీల్లో లెక్కేస్తారు, ఒక హెచ్‌పీ 5.08 మి.మీ. 19 అంగుళాల సబ్‌రాక్‌లో 84 హెచ్‌పీ, స్లాటుకి 4 చొప్పున 21 స్లాట్లు. నా బ్యాక్‌ప్లేన్‌కి 12 స్లాట్లే. 48 పోగా 36 హెచ్‌పీ, దాదాపు 183 మి.మీ. మిగిలింది. పవర్ సప్లైని అక్కడ పెట్టాను. పక్క ప్లేట్లు బాలానగర్‌లో కోయించాను.

ఎక్కువ సమయం తీసుకున్నది పవరే. +5 వోల్టులకి ఈ స్టాండర్డ్ ఇచ్చే వెసులుబాటు చాలా తక్కువ: పైకి 0.25, కిందికి 0.125 మాత్రమే. అంటే 4.875 కంటే పడిపోకూడదు. 20 ఆంపియర్లు లాగే రాక్ అనుకుందాం. సప్లై నుంచి బ్యాక్‌ప్లేన్‌కి అర మీటరు వైరు, తిరిగి అర మీటరు. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరైతే ఒక మీటరుకి 7 మిల్లీ ఓమ్స్ పైమాటే, అక్కడే 0.14 వోల్టులు పోతాయి. కార్డు దాకా వెళ్లకముందే లిమిట్ దాటేశాం. అందుకే 4 స్క్వేర్ వైర్లు జంటగా వేసి, లగ్గులు గట్టిగా క్రింప్ చేసి, సప్లైకున్న సెన్స్ వైర్లని (వోల్టేజ్ ఎంతుందో సప్లైకి చెప్పేవి) బ్యాక్‌ప్లేన్ బోల్టుల దగ్గరే కలిపాను. సెన్స్‌ని సప్లై టెర్మినల్ దగ్గరే ముగిస్తే వైర్లలో పోయేది దానికి తెలియదు. +12, −12 వోల్టులకి వేరే చిన్న సప్లై ఉంది, వాటితో పెద్ద పని లేదు.

గాలి విషయంలో కొలతలు కలిసొచ్చాయి. 12 స్లాట్ల వెడల్పు 244 మి.మీ. కిందున్న 1యూ ట్రేలో 120 మి.మీ. ఫ్యాన్లు రెండు పడుకోబెడితే 240. మూడోది పవర్ సప్లై కింద. 25 మి.మీ. మందం ఉన్న ఫ్యాన్లే తీసుకున్నాను, 38వి అదే ట్రేలో పడతాయి గానీ పైన గాలి విస్తరించడానికి చోటుండదు. ఖాళీ స్లాట్లకి ముందు ప్యానెల్ తప్పకుండా మూయాలి. తెరిచి ఉంచితే గాలంతా అడ్డులేని ఆ దారిన బయటికి పోతుంది, కార్డు వేడెక్కుతూనే ఉంటుంది.

ఏ కార్డూ పెట్టకముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, ఇది నాకెంతో నచ్చింది. అన్ని స్లాట్లకీ ఉమ్మడిగా పోయే ప్రతి సిగ్నల్ లైనుకీ రెండు చివర్లా టెర్మినేషన్ రెసిస్టర్లు, +5కి 330 ఓమ్స్, గ్రౌండ్‌కి 470 ఓమ్స్ ఉంటాయి. పవర్ ఇచ్చి మల్టీమీటర్ పెడితే ప్రతి లైనూ 2.94 వోల్టుల దగ్గర నిలవాలి. కానీ ఒక చివర టెర్మినేషన్ ఊడిపోయినా అదే వోల్టేజ్ చూపిస్తుంది. అందుకని సప్లై వైర్లు పూర్తిగా విప్పేసి, +5ని గ్రౌండ్‌కి కలిపి, లైనుకీ గ్రౌండ్‌కీ మధ్య ఓమ్స్ కొలిచాను. రెండు చివర్లూ ఉంటే 97, ఒకటే ఉంటే 194. నా బ్యాక్‌ప్లేన్‌లో అన్నీ 97 దగ్గరే వచ్చాయి. సప్లై మళ్లీ కలిపేముందు ఆ షార్ట్ తీసేయడం మర్చిపోకండి.

తర్వాత జంపర్లు, అంటే రెండు పిన్నుల్ని కలిపే చిన్న క్లిప్పులు. బస్ గ్రాంట్ (బస్ వాడుకోవడానికి అనుమతి) లైన్లు నాలుగు, ఇంటరప్ట్ అక్నాలెడ్జ్ (ఇంటరప్ట్ అడిగిన కార్డుకి జవాబు) ఒకటి, ఇవి అందరికీ ఒకేసారి అందవు. ఒక కార్డు తీసుకుని పక్క కార్డుకి అందించాలి. మధ్యలో స్లాట్ ఖాళీగా ఉంటే గొలుసు అక్కడే తెగుతుంది. అవతలి కార్డు ఇంటరప్ట్ అడిగినా దానికి జవాబు చేరదు, డీటాక్ (డేటా అందిందన్న సిగ్నల్) రాదు, చివరికి బస్ టైమర్ ఎర్రర్ ఇస్తుంది. ఖాళీ స్లాటుకి ఐదు జంపర్లూ వేసి, ఒక స్లాట్ ఏ22 పిన్ నుంచి మధ్యలో జంపర్లున్న స్లాట్లు దాటి అవతలి స్లాట్ ఏ21 దాకా బజర్ పెట్టి చూశాను. కార్డు పెట్టిన స్లాటులో మాత్రం జంపర్లు తీసేయాలి. సిస్టమ్ కంట్రోలర్‌గా పనిచేసే కార్డు మొదటి స్లాటులోనే ఉండాలి, 147 అక్కడికే వెళ్తుంది.

ఇక మిగిలింది కన్సోల్. 147 సీరియల్ పోర్టులు పీ2 గుండా వెనక్కి వస్తాయి, వాటికి ఎంవీఎంఈ712 అనే వేరే బోర్డు కావాలి. అది దొరికేదాకా వెనక పిన్నుల నుంచి రిబ్బన్ కేబుల్ లాగుతున్నాను. 9600 బాడ్‌లో 147-బగ్ (కార్డు రామ్‌లో కాకుండా రోమ్‌లో ఉండే మానిటర్ ప్రోగ్రామ్) ప్రాంప్ట్ కనిపిస్తే తర్వాత నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తాను. 6యూ, 4 హెచ్‌పీ ఖాళీ ప్యానెళ్లు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే చెప్పండి, నాకు ఇంకా కావాలి.