ఒకే గొంతు, ఇందరు నాయికలు

ఈ రోజు సెలవు కావడంతో, మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ పి. సుశీలగారి పాటలు ఒకదాని వెనుక ఒకటి పెట్టుకున్నాను. ఆమె గొంతు నాకు రేడియో ద్వారా పరిచయమైంది. చిత్రం పేరు, రచన, సంగీతం చెప్పి చివర గాయకుల పేర్లు చదివేటప్పుడు ఆమె పేరు వినబడితే చాలు, ఇంట్లో అందరినీ మాటలాపమని గదమాయించేదాన్ని. ఆ అభిమానం ఇన్నేళ్లలో ఏమాత్రం తగ్గలేదు గానీ, ఎందుకంత ఇష్టమని ఎవరైనా అడిగితే ‘బాగా పాడతారు’ అన్నంతకు మించి ఏనాడూ చెప్పిన పాపాన పోలేదు.

ఆ చెప్పవలసిన అవసరం ఈ రోజు మా అమ్మాయి తెచ్చిపెట్టింది. “అమ్మా, ఈవిడ అందరికీ ఒకే గొంతుతో పాడేశారేమిటి? జానకిగారు చూడు, పసిపిల్లకైతే పసిపిల్లలా, ముసలమ్మకైతే ముసలమ్మలా పాడతారు” అంది. మొదట కొంచెం చురుక్కుమన్న మాట నిజమే కానీ, ఆలోచించిన కొద్దీ అందులో తప్పేమీ కనబడలేదు. సుశీలగారు గొంతు మార్చరు. మార్చకుండానే మనిషిని మార్చడం ఆమె విద్య.

1964లో వచ్చిన ‘మూగమనసులు’ చిత్రంలో సావిత్రికీ జమునకీ ఇద్దరికీ ఆమే పాడారు. జమున పాడే ‘గోదారి గట్టుంది’ పాటలో మాటలను చివర తుంచినట్టు పలికి, తాళం మీద కాస్త మొరటుగా అడుగు వేస్తూ పోతారు. సావిత్రి కోసం పాడినప్పుడు అవే అచ్చులు నిదానంగా సాగుతాయి, మాట చివర ఒక మెత్తదనం నిలుస్తుంది. గొంతు అదే, శ్రుతిశుద్ధి అదే. ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ వదలాలో అన్న ఎంపిక మాత్రం వేరు. పైగా ఆ రోజుల్లో మద్రాసు స్టూడియోలలో వాద్యబృందమూ గాయకులూ ఒకేసారి పాడి రికార్డు చేసేవారు. ఎవరు ఎక్కడ తప్పినా మళ్లీ పాడవలసిందే తప్ప, ఇప్పటిలా ముక్కలు అతికించే వీలు లేదు. అన్ని వాద్యాల నడుమ నిలబడి ఇంత సూక్ష్మమైన భేదాన్ని చూపడం నాకైతే గొంతు మార్చడం కన్నా కష్టమనిపిస్తుంది.

ఈ నిగ్రహం ఆమెకు చదువుతో వచ్చిందని నా నమ్మకం. 1935లో విజయనగరంలో పుట్టి, అక్కడి సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి దగ్గర నేర్చుకున్నారు. ఘంటసాలగారూ ఆ కళాశాల విద్యార్థే. ఆయన సంగీతం సమకూర్చిన ‘లవకుశ’లో ఇద్దరు పిల్లలకూ లీలగారూ సుశీలగారూ కలిసి పాడారు. లీలగారిది నిండైన గొంతు, సుశీలగారిది సన్నని తీగ. ఇద్దరిలో ఎవరూ పసిగొంతును అనుకరించరు; అయినా అవి కుశలవుల గొంతులు కావని తెలుగునాట ఎవరికైనా అనిపించిందా? ఇద్దరూ ఒకే చోట ఊపిరి తీసుకుని, ఒకే గమకాన్ని ఒకే కొలతలో ముగించే తీరు విన్న ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

ఉచ్చారణ సంగతి చెప్పాలంటే, మన భాషలో స్పష్టంగా పలకడం ఒక ఎత్తు, పరభాషలో పలికి ఆ భాషవాళ్ల చేత మెప్పు పొందడం ఇంకొక ఎత్తు. ఉత్తమ నేపథ్య గాయనికి జాతీయ పురస్కారం మొట్టమొదట ఇచ్చినప్పుడు, 1968 చిత్రాలకుగాను, అది ఆమెకే వచ్చింది. అదీ ఒక తమిళ పాటకు. గిన్నిస్ వాళ్లు 2016లో లెక్కగట్టిన 17,695 పాటల సంఖ్య కన్నా ఈ సంగతే నాకు ఎక్కువ గర్వంగా ఉంటుంది.

అభిమానం కదా అని అన్నిటినీ నెత్తిన పెట్టుకోను. ఎనభైలలో వచ్చిన కొన్ని హుషారు పాటల్లో ఆమె గొంతు ఇమడలేదు. అవి వస్తే చెప్పకుండా దాటవేస్తాను, ఈ రోజూ అదే చేశాను. అదే కాలంలో, 1982లో వచ్చిన ‘మేఘసందేశం’ మాత్రం వేరే లెక్క. అప్పటికి ఆమె సినిమాల్లో పాడడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు. వెనుకటి పలుచదనం పోయి గొంతుకు బరువు వచ్చింది. దానిని దాచిపెట్టడానికి ఆమె ఎక్కడా ప్రయత్నించలేదు. ఆ చిత్రానికి ఏసుదాసుగారికీ, సంగీత దర్శకులు రమేశ్ నాయుడుగారికీ, ఆమెకూ ముగ్గురికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఇరవైల వయసులో పాడిన పాటలే ఆమె శిఖరమని చాలామంది అంటారు. నన్ను అడిగితే, రమేశ్ నాయుడుగారి ఆ విలంబంలో, తొందరన్నది లేకుండా, నలభై దాటిన గొంతుతో పాడిన ఆ పాటలకే మొదటి స్థానం ఇస్తాను.