నిలువెత్తు బంగారం, రెండు రూపాయల మిత్తి

సమ్మక్క-సారలమ్మ జాతర జరిగే మేడారం గద్దెల మీద విగ్రహాలుండవు. మాఘ మాసంలో, రెండేళ్లకోసారి, చిలుకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమ భరిణె రూపంలో దిగివస్తుంది. ఆ తల్లికి మనమిచ్చే బంగారం బెల్లమే. మొక్కుకున్న మనిషిని తక్కెట్లో కూర్చోబెట్టి రెండో పక్క బెల్లం పేరుస్తారు. యాభై కిలోల మనిషికి యాభై కిలోలు. మొక్కు కొలత మన ఒంటి బరువే, పక్కింటివాళ్ల బరువు కాదు.

ఇంత తేలికైన మొక్కుకి కూడా అప్పు చేసేవాళ్లున్నారు. ఆ అప్పు ఎక్కడ నుంచి వచ్చింది? బండి కిరాయి, యాటపోతు, చుట్టాలకు దావత్, కొత్త బట్టలు. వీటికోసం 36,000 మిత్తికి (వడ్డీకి) తెస్తే "నూటికి రెండు రూపాయల మిత్తే గదా" అనుకుంటారు. ఆ రెండు రూపాయలు నెలకు. ఏడాదికి 24 శాతం. నెలకు 720 చొప్పున మళ్లీ జాతర వచ్చేసరికి మిత్తే 17,280 కట్టి ఉంటారు, అసలు 36,000 అట్లనే ఉంటుంది. మిత్తి కట్టకుండా అసలులో కలుపుకుంటూ పోతే 35 నెలల్లో బాకీ రెండింతలు.

జాతర కథ కూడా బాకీ కథే. వరుస కరువుల్లో సమ్మక్క భర్త, మేడారం ఏలిన పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయాడని, కాకతీయుల సేన మేడారం మీదికి వచ్చిందని చెప్పుకుంటాం. వాన పడలేదని కప్పం ఆగలేదు. పత్తి ఎండిందని మిత్తీ ఆగదు. ఆ పోరులో ఒరిగినవాళ్లకు మొక్కడానికి మిత్తికి తెచ్చుకోవడం నాకైతే మింగుడు పడదు.

ఇంకో అపోహ, బంగారు సొమ్ములు చేయిస్తే పైసలు దాచినట్టేనని. పది గ్రాముల నగకు 12 శాతం తరుగు వేస్తే 11.2 గ్రాముల ధర కడతాం. దానిమీద 3 శాతం జీఎస్టీతో అది 11.536 గ్రాముల ధర అవుతుంది. అమ్మేనాడు లెక్కకొచ్చేది పది గ్రాములే, రాళ్లుంటే ఆ బరువూ తీసేస్తారు. అంటే ధర 15 శాతానికి పైగా పెరిగితేగానీ పెట్టిన పైసలు చేతికి రావు. పెండ్లికి నగ కావాలంటే చేయించుకోవచ్చు, అది ఖర్చు. పొదుపు పేరు దానికి పెట్టొద్దు. ఇంట్లో ఉన్న సొమ్ములతో అవసరం గడపాల్సి వస్తే బ్యాంకులో కుదువ పెట్టడం మేలు. చాలా ప్రభుత్వ బ్యాంకుల్లో వడ్డీ ఆ 24 శాతంలో సగం లోపే.

అప్పు లేకుండా జాతరకు పోవాలంటే, నెల జీతం వచ్చేవాళ్లకు నెలకు 1,500 చొప్పున 24 నెలల రికరింగ్ డిపాజిట్ (బ్యాంకులో నెలనెలా కట్టే పొదుపు) సరిపోతుంది. ఆరున్నర శాతం వడ్డీ ఉంటే చివరికి 38 వేల పైన చేతికొస్తాయి. రైతుకు ఇది నప్పదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో పత్తో మిర్చో అమ్మినప్పుడే పైసలు కనబడతాయి, నెలనెలా వాయిదా తప్పి జరిమానా పడుతుంది. పంట డబ్బు రాగానే ముందు మిత్తి బాకీ తీర్చాలి. మిత్తి నడుస్తుండగా పొదుపు ఖాతాలో పైసలుంచితే రోజూ నష్టమే. మిగిలినదాంట్లో జాతర వాటా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, అదీ రెండు ముక్కలుగా. నడుమ ఆసుపత్రి ఖర్చు పడితే ఒకటి విరగ్గొట్టుకోవచ్చు, రెండోదాని వడ్డీకి కోత పడదు.

గడువు తేదీ మాఘ పున్నానికి పదిహేను రోజుల ముందు పడేటట్టు రాయించుకుంటే, బండి మాట్లాడుకోవడానికి, బెల్లం తూకం వేయించడానికి తీరిక దొరుకుతుంది.